బోర్డర్ కోలీ ఎంత పరిగెత్తినా ఎందుకు కుదురుగా ఉండదు? సమస్యలు, పరిష్కారాలు

బోర్డర్ కోలీ ఇల్లు పీకి పందిరి వేస్తోందంటే అందరూ ఇచ్చే సలహా ఒకటే: ఇంకా పరిగెత్తించండి. చాలాసార్లు సమస్యను పెంచేది ఆ సలహానే. ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో గొర్రెలు కాయడానికి తయారైన కుక్క జాతి ఇది. 1893లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే కుక్క నేటి కోలీల్లో చాలావాటికి పూర్వీకుడు. ఒళ్లు వంచి, అరవకుండా, చూపుతోనే మందను కదిలించడం వీటి ప్రత్యేకత. ఆ పనిలో పరుగెంత ముఖ్యమో, కాపరి ఆగమనగానే ఆగడం అంత ముఖ్యం. ఇళ్లలో మనం పరుగు మాత్రమే ఇస్తాం.

సమస్య: గంటసేపు బంతి ఆడినా ఇంటికొచ్చి అటూ ఇటూ తిరుగుతుంది, మొరుగుతుంది, చెప్పులు కొరుకుతుంది.

కారణం: రోజూ అదే పనిగా బంతి విసిరితే కుక్క అలసిపోదు, ఇంకా దమ్మున్న ఆటగాడిలా తయారవుతుంది. పైగా వెంటాడే ఉద్రేకం ఆట అయ్యాక వెంటనే దిగదు. పగలు ఎంత పడుకుంటోందో ముందు గమనించండి. నిద్ర చాలని కుక్క కూడా, నిద్ర చాలని చిన్నపిల్లల్లాగే, రెచ్చిపోయి కనిపిస్తుంది.

పరిష్కారం: బంతి తగ్గించండి. పొడవాటి లీష్‌తో (కుక్కను పట్టుకునే తాడుతో) నెమ్మదిగా, వాసనలు చూడనిస్తూ నడిపించండి. గిన్నెలో పెట్టే తిండిలో కొంత ఇంట్లో అక్కడక్కడా దాచి వెతికించండి. బొమ్మలకు పేర్లు నేర్పండి. చేజర్ అనే కోలీ వెయ్యికి పైగా బొమ్మల పేర్లు నేర్చుకున్నట్టు 2011లో పరిశోధన పత్రం వచ్చింది. మనకు పది వస్తే చాలు, పది నిమిషాల పాఠానికే మెదడు అలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ఒక చాప వేసి దాని మీద ఊరికే పడుకోవడం నేర్పడం. పడుకున్నప్పుడల్లా చప్పుడు చేయకుండా ఓ తిండి ముక్క పెట్టండి. మొదట్లో కొన్ని క్షణాలకే లేచిపోతుంది, టెన్షన్ పడకండి. పిల్ల కుక్కయితే ఎముకలు ఎదిగేదాకా సుదీర్ఘ పరుగులు, ఎత్తు నుంచి దూకడాలు వద్దు.

సమస్య: పరిగెత్తే పిల్లల మడమలు కొరుకుతుంది.

కారణం: చాలాసార్లు ఇది కోపం కాదు, చెదిరిన మందను ఒకచోటికి చేర్చే అలవాటు. అరుస్తూ పారిపోతే దానికి ఇంకా హుషారు.

పరిష్కారం: పిల్లల్ని కదలకుండా నిలబడమనండి. పిల్లలు ఆడుకునే వేళ కుక్క లీష్‌లోనో వేరే గదిలోనో ఉండాలి. పెద్దవాళ్లు లేనప్పుడు ఇద్దర్నీ కలిపి వదలకండి. గుర్రుమంటున్నా, చర్మం తెగేలా కరిచినా ఇది వేరే సంగతి, నిపుణులకు చూపించండి.

సమస్య: బండి కనబడితే చాలు, మీదికి దూకబోతుంది.

రోడ్డు పక్కన లీష్ విప్పకండి, ఎంత చెప్పిన మాట వినేదైనా సరే. బండి దూరంగా ఉండగానే, కుక్క ఇంకా ఒళ్లు వంచకముందే పిలవండి, మీవైపు తిరిగితే తిండి పెట్టండి. ఒకసారి ఒంగి చూపు నిలిపాక మీ మాట దాని చెవికెక్కదు.

సమస్య: గోడ మీది నీడల్ని, వెలుతురు చుక్కల్ని గంటల తరబడి వెంటాడుతుంది.

చూసేవాళ్లకు నవ్వొస్తుంది గానీ, ఇది ముదిరితే వదిలించడం కష్టం. లేజర్ లైట్‌తో ఆడించడం పూర్తిగా మానండి. వెంటాడినా చేతికి చిక్కని ఆట అది. మొదలుపెట్టగానే తిట్టకుండా వేరే పని ఇవ్వండి. తిండి చూపినా తిరగకపోతే పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి, మందులు అవసరం కావచ్చు.

సమస్య: ఆడుతూ ఆడుతూ తూలుతుంది, వెనక కాళ్లు ఈడుస్తుంది.

వెంటనే ఆట ఆపి, నీడకు చేర్చి, ఒళ్లు తడిపి గాలి తగలనివ్వండి. వడదెబ్బ కావచ్చు, లేదా గట్టి శ్రమలో ఈ జాతికి వచ్చే కుప్పకూలే జబ్బు కావచ్చు. కాసేపటికి మామూలుగా లేచినా డాక్టరుకు చూపించాల్సిందే. ఈ కుక్క తనంతట తాను ఆగదు, ఆపాల్సింది మీరే.

ఎండాకాలమని జుట్టు గొరిగించకండి, రెండు పొరల ఆ జుట్టును క్రమం తప్పకుండా దువ్వితే చాలు. పురుగులకని పశువుల ఐవర్‌మెక్టిన్ మందు సొంతంగా వేయకండి. కోలీ జాతుల్లో కొన్నిటికి ఒక జన్యు లోపం వల్ల అది ఎక్కువ మోతాదులో మెదడుకు విషమవుతుంది. బోర్డర్ కోలీల్లో ఆ లోపం అరుదే, కానీ జన్యు పరీక్ష చేయిస్తే తెలిసిపోతుంది.