డెస్క్‌టాప్ కంప్యూటర్ ఆన్ కాకపోతే: గోడ సాకెట్ నుంచి మదర్‌బోర్డు దాకా పరీక్షించడం ఎలా?

‘కంప్యూటర్ ఆన్ కావడం లేదు’ అనే మాటలో సాధారణంగా రెండు వేర్వేరు సమస్యలు కలిసిపోయి ఉంటాయి. బటన్ నొక్కినా ఏ లైటూ వెలగక, ఏ ఫ్యానూ కదలక, క్యాబినెట్ మొత్తం చలనం లేకుండా ఉండిపోవడం ఒకటి. లోపల ఫ్యాన్లు మామూలుగా తిరుగుతున్నా స్క్రీన్ మాత్రం నల్లగానే ఉండడం రెండవది. రెండవ దానికి చాలాసార్లు ర్యామో (లోపల ఉండే మెమరీ కార్డు), మానిటర్ కేబులో కారణమవుతుంది. మొదటిది మాత్రం కరెంటు వచ్చే దారిలో ఎక్కడో పడిన అడ్డంకి. ఈ వ్యాసం ముఖ్యంగా దాని గురించే.

కరెంటు గోడ సాకెట్‌లో బయలుదేరి యూపీఎస్, పవర్ కేబుల్, ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్ భాగాలకు కావలసిన తక్కువ వోల్టులకు మార్చే డబ్బా), మదర్‌బోర్డు (భాగాలన్నిటినీ కలిపే ప్రధాన బోర్డు) అనే వరుసలో వస్తుంది కాబట్టి మన పరీక్ష కూడా అదే వరుసలో సాగాలి. ఈ వరుస తప్పి మొదటే మదర్‌బోర్డును అనుమానించినవారు అవసరం లేని ఖర్చు పెట్టుకోవడం నేను చాలాసార్లు చూశాను. ఇంకొక మాట కూడా ముందే చెప్పాలి. మీ ఫోటోలు, పత్రాలు హార్డ్ డిస్కులోనో ఎస్ఎస్‌డీలోనో ఉంటాయి. కంప్యూటర్‌కు కరెంటు అందనంత మాత్రాన అవి చెరిగిపోవు. కాబట్టి కంగారు పడకుండా ఒక స్టార్ స్క్రూడ్రైవర్, ఒక టార్చిలైటు, ఒక పేపర్ క్లిప్పు, వీలైతే వోల్టులు కొలిచే ఒక మల్టీమీటర్ దగ్గర పెట్టుకొని మొదలుపెట్టండి.

1. గోడ సాకెట్

టెస్టర్ వెలిగింది కాబట్టి కరెంటు ఉందని అనుకోవడం ఇక్కడ జరిగే మొదటి పొరపాటు. నియాన్ టెస్టర్ ఫేజ్ ఉందని మాత్రమే చెబుతుంది. కరెంటు తిరిగి వెళ్లే తీగ, అంటే న్యూట్రల్, తెగిపోయినా అది అలాగే వెలుగుతుంది. అందుకే అదే సాకెట్‌లో టేబుల్ ఫ్యానో, బెడ్‌లైటో పెట్టి చూడాలి. అది సరిగ్గా పనిచేస్తే గోడ వరకు సమస్య లేనట్టే. ప్లగ్గు పిన్నుల చుట్టూ నల్లబడినా, ప్లాస్టిక్ కరిగినట్టు కనిపించినా ఆ సాకెట్‌ను ఇక వాడకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

2. యూపీఎస్, పవర్ కేబుల్

యూపీఎస్‌ను, ఎక్స్‌టెన్షన్ బాక్సును పక్కన పెట్టి, కంప్యూటర్ కేబుల్‌ను నేరుగా గోడ సాకెట్‌లో పెట్టి చూడండి. ఇళ్లలో వాడే చిన్న యూపీఎస్‌లలో సాధారణంగా 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. అది రెండు మూడేళ్లలో బలహీనపడుతుంది, కొన్ని యూపీఎస్‌లు బ్యాటరీ పూర్తిగా పోయాక ఇంట్లో కరెంటు ఉన్నా ఆన్ కావు. కంప్యూటర్ నేరుగా పెట్టినప్పుడు ఆన్ అయితే లోపం యూపీఎస్‌లోనో ఎక్స్‌టెన్షన్ బాక్సులోనో ఉన్నట్టే. యూపీఎస్‌దే అయితే ముందు దాని బ్యాటరీని అనుమానించండి.

కేబుల్‌ను పరీక్షించడానికి కొత్తది కొననక్కరలేదు. చాలా మానిటర్లకు వచ్చే పవర్ కేబుల్, కంప్యూటర్ కేబుల్ ఒకే రకానివి. మానిటర్ పనిచేస్తూ ఉంటే దాని కేబుల్ తీసి క్యాబినెట్ వెనుక పెట్టి చూడండి. కేబుల్‌ను గట్టిగా లోపలికి నొక్కండి. బల్లను జరిపినప్పుడో, ఇల్లు ఊడ్చేటప్పుడో అది అర అంగుళం బయటికి వచ్చి, చూడడానికి మాత్రం పెట్టినట్టే కనిపిస్తుంది.

3. వెనుక వైపు స్విచ్

పవర్ కేబుల్ పెట్టే చోట పక్కనే ఎస్ఎంపీఎస్‌కు ఒక స్విచ్ ఉండవచ్చు. దాని మీద నిలువు గీత ఉన్న వైపు ఆన్, సున్నా ఉన్న వైపు ఆఫ్. పాత ఎస్ఎంపీఎస్‌లలో 115, 230 అంకెలతో ఒక చిన్న ఎర్ర స్విచ్ కూడా ఉంటుంది. మన దేశంలో ఇళ్లకు వచ్చే సరఫరా 230 వోల్టులు కాబట్టి అది ఎప్పుడూ 230 మీదే ఉండాలి. దాన్ని 115 వైపు జరిపి కరెంటు ఇస్తే ఎస్ఎంపీఎస్ పెద్ద శబ్దంతో కాలిపోతుంది.

4. మిగిలిన కరెంటును ఖాళీ చేయడం

పిడుగులతో వాన పడిన రాత్రి తరువాతో, కరెంటు వస్తూ పోతూ ఉన్న రోజునో ఆన్ కావడం మానేసిన కంప్యూటర్ కొన్నిసార్లు ఈ ఒక్క పనితోనే తిరిగి లేస్తుంది. ఎస్ఎంపీఎస్‌లోని రక్షణ సర్క్యూట్ ఒకసారి కరెంటును ఆపిందంటే, పూర్తిగా ఖాళీ అయ్యేదాకా మళ్లీ ఆన్ కాకుండా పట్టుకొని ఉండవచ్చు. కాబట్టి స్విచ్ ఆపి, కేబుల్ తీసి, పవర్ బటన్‌ను 30 సెకన్లపాటు నొక్కి పట్టుకోండి. ఒక పది నిమిషాలు వదిలేయండి. ఈలోపు ప్రింటర్, పెన్ డ్రైవ్, కీబోర్డు, మౌస్ అన్నీ తీసివేసి, టార్చి వేసి ముందు వైపు యూఎస్‌బీ పోర్టుల లోపల చూడండి. అక్కడ వంగిన పిన్ను పక్కదానికి తగులుతూ ఉంటే ఆ షార్ట్ ఒక్కటే కంప్యూటర్‌ను లేవనీయకపోవచ్చు. తరువాత పవర్ కేబుల్ ఒక్కటే పెట్టి ప్రయత్నించండి.

5. మూత తీసి చూడడం

ఇక్కడి నుంచి ప్రతి పనికీ ముందు కేబుల్ తీసి ఉండాలి, లోపల చేయి పెట్టే ముందు క్యాబినెట్ లోహపు భాగాన్ని ఒకసారి తాకాలి. ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఏ పరిస్థితిలోనూ విప్పకండి. దాని లోపల కరెంటును నిలవ ఉంచుకునే పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులు దాటిన డీసీ నిలవ ఉంటుంది, ప్లగ్గు తీసిన తరువాత కూడా అది షాక్ కొట్టగలదు.

ముందు వాసన చూడండి, తరువాత చూపు సారించండి. ఎస్ఎంపీఎస్ జాలీ దగ్గర మాడిన వాసన వస్తోందా? మదర్‌బోర్డు మీద నిలబడి ఉన్న కెపాసిటర్లలో దేని తలైనా ఉబ్బిందా, గోధుమరంగు జిగురు కారిందా? మన ఇళ్లలో బల్లులు, చీమలు వెచ్చదనం కోసం క్యాబినెట్‌లో చేరడం చాలా మామూలు. ఎస్ఎంపీఎస్‌లో చచ్చిన బల్లి షార్ట్‌కు కారణం కావడం రిపేరు చేసేవారందరికీ తెలిసిన సంగతే. మదర్‌బోర్డుకు వెళ్లే 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌ను, ప్రాసెసర్ పక్కన ఉండే 4 లేదా 8 పిన్నుల కనెక్టర్‌ను తీసి, క్లిప్పు ‘టిక్’ మనేదాకా మళ్లీ పెట్టండి.

ఇప్పుడు కరెంటు ఇచ్చి, బటన్ నొక్కకుండానే మదర్‌బోర్డును చూడండి. చాలా బోర్డుల మీద ఒక చిన్న ఎల్ఈడీ వెలుగుతుంది. అది వెలిగితే ఎస్ఎంపీఎస్ నుంచి స్టాండ్‌బై కరెంటు బోర్డుకు చేరుతున్నట్టే. అప్పుడు అనుమానం బటన్ మీదికి మళ్లాలి.

6. పవర్ బటన్

మా బాబాయి జిరాక్స్ దుకాణంలో కంప్యూటర్ ఒక వానాకాలం ఉదయం ఆన్ కాలేదు. చూసినతను మదర్‌బోర్డు పోయిందన్నాడు. నేను వెళ్లేసరికి బోర్డు మీద ఆకుపచ్చ ఎల్ఈడీ నిక్షేపంగా వెలుగుతోంది. బటన్ నొక్కితే ‘టక్’ మనే శబ్దం రావడం లేదు. వేలు మెత్తగా లోపలికి దిగిపోతోంది. లోపల ప్లాస్టిక్ కాడ విరిగి, స్విచ్‌ను తాకడమే మానేసింది. పవర్ స్విచ్ వైరును తీసేసి, రీసెట్ స్విచ్ వైరును అవే పిన్నులకు తగిలించాను. ఆ కంప్యూటర్ ఇప్పటికీ రీసెట్ బటన్‌తోనే ఆన్ అవుతోంది.

మీరూ ఇలాగే చేయవచ్చు. మదర్‌బోర్డు కింది అంచున ఫ్రంట్ ప్యానెల్ పిన్నుల గుంపు, అంటే క్యాబినెట్ ముందువైపు బటన్ల, లైట్ల వైర్లు వచ్చి చేరే చోటు, ఉంటుంది. వాటిలో పవర్ స్విచ్‌కు చెందిన రెండింటిని బోర్డు మీది అక్షరాలను బట్టిగానీ, మాన్యువల్ బట్టిగానీ గుర్తించి, కనెక్టర్ తీసి, మళ్లీ కరెంటు ఇచ్చి, ఆ రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో ఒక క్షణం కలపండి. అక్కడ ఉండేది చాలా తక్కువ వోల్టేజీ కాబట్టి షాక్ కొట్టదు. కంప్యూటర్ లేచిందంటే బటన్ ఒక్కటే చెడిందన్నమాట.

7. పేపర్ క్లిప్పుతో ఎస్ఎంపీఎస్ పరీక్ష

బోర్డు మీద ఎల్ఈడీ కూడా వెలగకపోతే చేయవలసిన పరీక్ష ఇదే. నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా విలువైనది కూడా ఇదే. మనం బటన్ నొక్కినప్పుడు మదర్‌బోర్డు 24 పిన్నుల కనెక్టర్‌లోని ఆకుపచ్చ తీగను నల్ల తీగతో, అంటే గ్రౌండ్‌తో కలుపుతుంది. ఆ సంకేతం అందగానే ఎస్ఎంపీఎస్ మేల్కొంటుంది. ఆ కలిపే పనిని మనమే చేస్తే మదర్‌బోర్డు ప్రమేయం లేకుండా ఎస్ఎంపీఎస్ ఒక్కదాని సంగతి తెలిసిపోతుంది.

కేబుల్ తీసి, ఎస్ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డుకు, డిస్కులకు వెళ్లే కనెక్టర్లన్నీ విప్పండి. క్లిప్పును ఆంగ్లంలో ‘యూ’ ఆకారంలో వంచి, ఒక కొసను ఆకుపచ్చ తీగ ఉన్న రంధ్రంలో, రెండవ కొసను పక్కనే ఉన్న నల్ల తీగ రంధ్రంలో గుచ్చండి. అప్పుడు మాత్రమే కరెంటు ఇవ్వండి. కొన్ని కొత్త ఎస్ఎంపీఎస్‌ల ఫ్యాన్ వేడెక్కేదాకా తిరగదు కాబట్టి, దానికి పాత డీవీడీ డ్రైవ్‌నో క్యాబినెట్ ఫ్యాన్‌నో తగిలించి పెడితే అనుమానం ఉండదు. గోడ, కేబుల్ సరిగ్గా ఉండి కూడా ఏదీ కదలకపోతే ఎస్ఎంపీఎస్ పోయినట్టే. కదిలితే, మల్టీమీటర్ నల్ల కొనను నల్ల తీగకు ఆనించి చూడండి: పసుపు తీగ 11.4 నుంచి 12.6, ఎర్ర తీగ 4.75 నుంచి 5.25, నారింజ తీగ దాదాపు 3.14 నుంచి 3.46 వోల్టుల మధ్య చూపాలి. ఫ్యాన్ తిరిగినంత మాత్రాన ఎస్ఎంపీఎస్ పూర్తి లోడును మోయగలదని హామీ లేదు. అందువల్ల చివరి మాట మల్టీమీటర్‌ది, వీలైతే అరువు తెచ్చిన మరో ఎస్ఎంపీఎస్‌ది.

అన్ని తీగలూ నల్లగానే ఉన్న ఎస్ఎంపీఎస్‌తో, 24 పిన్నుల కనెక్టర్ లేని కంపెనీ కంప్యూటర్లతో ఊహించి ఈ ప్రయోగం చేయకండి.

8. తక్కువ భాగాలతో ఆన్ చేయడం

ఎస్ఎంపీఎస్ బాగానే ఉండి కంప్యూటర్ లేవకపోతేనో, బటన్ నొక్కగానే ఫ్యాన్ ఒక్క చుట్టు తిరిగి ఆగిపోతేనో, ఏదో ఒక భాగం షార్ట్ అవుతూ ఉండవచ్చు. గ్రాఫిక్స్ కార్డు, డిస్కులు, అదనపు ర్యామ్ తీసివేసి, ప్రాసెసర్, దాని ఫ్యాన్, ఒక ర్యామ్ మాత్రమే ఉంచి ఆన్ చేయండి. ర్యామ్ బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, వేరే స్లాట్‌లో పెట్టి చూడండి. లేస్తే, ప్రతిసారీ కేబుల్ తీసి ఒక్కో భాగాన్ని తిరిగి చేరుస్తూ పోండి. ఏది చేర్చినప్పుడు ఆగిపోతుందో అదే దోషి. అప్పటికీ లేవకపోతే మదర్‌బోర్డును క్యాబినెట్ నుంచి తీసి అట్టముక్క మీద పెట్టి ప్రయత్నించండి. జారిపడిన ఒక స్క్రూ దాని వెనుక ఇరుక్కొని ఉండవచ్చు. మదర్‌బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్ 2032 బటన్ బ్యాటరీ పోయినందువల్ల ఆన్ కాకపోవడం అరుదే గానీ, కేబుల్ తీసి దాన్ని ఐదు నిమిషాలు బయట ఉంచి పెట్టడానికి ఖర్చేమీ లేదు.

ఇంత చేశాక కూడా కదలిక లేకపోతే అప్పుడు మదర్‌బోర్డునో ప్రాసెసర్‌నో అనుమానించడం న్యాయం. రిపేరుకు ఇచ్చేటప్పుడు డిస్కును తీసి ఇంట్లో ఉంచుకొని, ఏయే పరీక్షలు చేశారో, ఏం కనిపించిందో చెప్పండి.

ఎస్ఎంపీఎస్ మార్చవలసి వస్తే డబ్బా మీద పెద్దగా రాసిన వాట్లను నమ్మకండి. లేబుల్‌లో 12 వోల్టుల గడిలో ఉన్న ఆంపియర్లను 12తో గుణించండి. 18 ఆంపియర్లుంటే అసలు పనికివచ్చేది 216 వాట్లే. తీగలు విడదీయగలిగే రకం కొంటే పాతదాని తీగలు కొత్తదానికి ఎప్పుడూ తగిలించకండి. కనెక్టర్ సరిగ్గా పట్టినా లోపలి పిన్నుల వరుస కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి, ఆన్ చేసిన క్షణంలోనే మీ డిస్కులు కాలిపోవచ్చు.