డేటాబేస్‌లో తెలుగు, 6వ పాఠం: గుంటూరు 20లో ఎందుకు పట్టలేదు?

పోయిన పాఠంలో ఒరాకిల్ డేటాబేస్‌లో ఊరు కాలమ్‌కి వార్‌చార్2(20) (అక్షరాలు దాచే రకం, పొడవు 20 వరకు) చాలని రాశాను. అది నా తప్పు. తెనాలి ఎక్కింది, బాపట్ల ఎక్కింది, గుంటూరు దగ్గర ఒరాకిల్ ఓఆర్‌ఏ-12899 అనే ఎర్రర్ ఇచ్చి ఆపేసింది: ఉన్నది 21, గరిష్ఠం 20. మీలో చాలామంది అక్కడే ఆగిపోయారు.

గుంటూరు కంటికి మూడక్షరాలు. యూనికోడ్‌కి (ప్రతి అక్షరానికీ, గుర్తుకీ ఒక కోడ్ ఇచ్చే పద్ధతి) ఏడు కోడ్‌లు: గ, కొమ్ము, సున్న, ట, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము. యూటీఎఫ్-8లో (ఆ కోడ్‌లను బైట్లుగా దాచే పద్ధతి) తెలుగు కోడ్ ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 21. ఒరాకిల్‌లో మనం విడిగా చెప్పకపోతే మామూలుగా ఆ 20 అంటే బైట్లే. తెనాలి, బాపట్ల ఒక్కోటి 18, కాబట్టి పట్టాయి. బ్రాడీపేట 27, అదీ పట్టదు.

20 పక్కన చార్ అని చేర్చండి, అప్పుడు 20 అంటే బైట్లు కాదు, కోడ్‌లు, సరిపోతుంది. టేబుల్ మార్చడం మీకు తెలిసిందే. నేనైతే తెలుగు పేరు ఏదైనా 100 చార్ ఇస్తాను, వాడినంతే చోటు పడుతుంది. 4000 చార్ ఇచ్చినా మామూలు సెట్టింగులో 4000 బైట్లు దాటనివ్వదు, అంటే 1333 తెలుగు కోడ్‌లే.

నాకు బాధ కలిగించింది ఇంకోటి. కొందరు కాలమ్ పెంచకుండా సబ్‌స్ట్రింగ్‌తో పేరు కోసి లోపలికి తోశారు. ఎర్రర్ రాలేదు కదా అని సరేననుకున్నారు. గుంటూరులో మొదటి 4 కోడ్‌లు తీస్తే గుంట. లక్ష్మిలో 4 తీస్తే లక్ష. కృష్ణాలో 5 తీస్తే కృష్ణ, అంటే ఏరు పోయి మనిషి పేరు మిగిలింది. మిర్చిలో 4 తీస్తే మిర్. ఇవి చూడ్డానికి మంచి మాటల్లాగే ఉంటాయి, తప్పని ఎవరికీ అనుమానం రాదు, తెగిన ముక్క మళ్లీ దొరకదు.

బెజవాడలో ఒక ఆఫీసు కౌంటర్ దగ్గర కళ్లారా చూశాను. ఒక పెద్దావిడ రసీదు మీద వెంకటలక్ష్ అని పడింది. కౌంటర్‌లో అమ్మాయి ఓపిగ్గా మళ్లీ టైప్ చేసింది. మళ్లీ వెంకటలక్ష్. పదో కోడ్ దగ్గర కోత పడుతోంది, అది పొల్లు. ఆవిడ రసీదు మడిచి, "మా పేరు ఇంతేనా అమ్మా" అంది.

కోయక తప్పకపోతే స్క్రీన్ మీద చూపించేటప్పుడు కోయండి, అదీ పూర్తి అక్షరం దగ్గర. దాచేటప్పుడు వద్దు.

అభ్యాసం: అరండల్‌పేటను రెండు రకాలుగా టైప్ చేయండి, ఒకసారి ల కింద ప వత్తు పడేలా, ఒకసారి పడకుండా. లెంగ్త్‌బీతో (బైట్లు లెక్కపెట్టే ఫంక్షన్) రెండూ కొలవండి. ఒకటి 27, ఒకటి 30 రావాలి. ఆ 3 బైట్లు కంటికి కనపడవు. అవెక్కడున్నాయో, దాచిన బైట్లను చూపించే డంప్ ఫంక్షన్‌తో పట్టుకుని, ఒక రూపంతో వెతికితే రెండోది ఎందుకు దొరకదో రాసి పంపండి.