దగ్గరి ఫొటోలో వెనుకభాగం మసకబారకపోతే

సమస్య: కుంకుమ భరిణెనో, దారపు ఉండనో, వేరుశనగ కాయనో ఫోనుతో దగ్గరగా ఫొటో తీశారు. వస్తువు బాగానే పడింది. కానీ వెనుక గోడమీది క్యాలెండరులో తేదీలు కూడా చదవగలిగేలా ఉన్నాయి.

లెన్స్ తుడవడం, వస్తువును వేలితో తాకి ఫోకస్ పెట్టడం మీకు తెలుసు. అయినా అందరూ వదిలేసే పరీక్ష ఒకటుంది: వస్తువుకూ దాని వెనుక ఉన్నదానికీ మధ్య ఎడమెంత? మా కడప ఇళ్లలో నేలంతా నల్లబండలే. భరిణెను బండమీద పెట్టి, పైనుంచి వంగి తీస్తారు. అప్పుడు నేపథ్యం ఆ బండే, అది భరిణె అడుగునే ఉంది. అంత దగ్గరున్నదాన్ని ఏ లెన్సూ పూర్తిగా మసకబరచలేదు. భరిణెను స్టూలు అంచున పెట్టండి. ఫోనును దాని ఎత్తుకు దించండి. వెనుక నాలుగైదు అడుగులు ఖాళీ ఉంచండి. ఎన్నిసార్లు చెప్పినా ఇది చేయకుండానే ఫోను మార్చాలా అని అడుగుతారు.

ఎడం ఉన్నా మసక రాలేదంటే, నన్ను బాగా దెబ్బతీసిన కారణం చూడండి. ఒక విత్తనాల దుకాణం కోసం మధ్యాహ్నమంతా వేరుశనగ గింజలు తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే ప్రతి ఫొటోలో వెనుక బస్తాలమీది అక్షరాలు తేటగా ఉన్నాయి, గింజలమీది పొర మాత్రం పేలవంగా ఉంది. పనంతా మళ్లీ చేయాల్సి వచ్చింది.

ఫోను చెప్పకుండా లెన్స్ మార్చింది. ప్రధాన లెన్స్ ఒక హద్దు దాటి దగ్గరికొస్తే ఫోకస్ చేయలేదు. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రోలో ఆ హద్దు సుమారు 15 సెంటీమీటర్లు. అంతకంటే దగ్గరికి వెళ్లగానే ఫోను అల్ట్రావైడ్ లెన్స్‌కు, అంటే బాగా వెడల్పుగా చూసే లెన్స్‌కు, మారిపోతుంది, అది 2 సెంటీమీటర్ల దాకా ఫోకస్ చేస్తుంది కాబట్టి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లూ ఇదే చేస్తాయి. అల్ట్రావైడ్‌కు ఫోకల్ లెంగ్త్ (లెన్స్‌కూ లోపల చిత్రం పడే చోటుకూ మధ్య దూరం లాంటిది) చాలా తక్కువ, అందుకే దూరంగా ఉన్నవి కూడా ఇట్టే కరిగిపోవు. పైగా చూపు వెడల్పు కనుక గదిలో సగం ఫొటోలోకి వస్తుంది.

గుర్తుపట్టడం సులువు. వస్తువును సమీపిస్తున్నప్పుడు తెరమీది దృశ్యం ఒక్కసారి పక్కకు జరిగినట్టు కుదుపు వస్తుంది. అనుమానముంటే వెనుక లెన్సులను ఒక్కొక్కటిగా వేలితో మూయండి. ఏది మూస్తే తెర నల్లబడుతుందో అదే పనిచేస్తోంది.

పరిష్కారం: మాక్రో (అతి దగ్గరి ఫొటోల) గుర్తు, సాధారణంగా చిన్న పువ్వు, కనిపిస్తే నొక్కి ఆపేయండి. జానెడుకు పైగా వెనక్కి జరిగి 2ఎక్స్‌తో తీయండి. 3ఎక్స్ లెన్స్ ఉన్న ఫోనైతే ఇంకా వెనక్కి జరగండి. మరీ దగ్గరైతే అది కూడా తప్పుకుంటుంది, ఫోను ప్రధాన లెన్స్ చిత్రాన్నే కత్తిరించి పెద్దది చేసి చూపిస్తుంది. ఇక్కడా వేలి పరీక్షే. వస్తువు ఫ్రేములో కాస్త చిన్నదైనా ఫరవాలేదు, తర్వాత కత్తిరించుకోవచ్చు. మసకను మాత్రం తర్వాత తెచ్చుకోలేరు.

సమస్య: స్టీలు గ్లాసు అంచు, పిన్నీసు మొన కూడా మసకలో కలిసిపోయాయి. ఇది నేపథ్యాన్ని సాఫ్ట్‌వేర్‌తో మసకబరిచే పోర్ట్రెయిట్ మోడ్ పని. అంచు ఎక్కడుందో అది ఊహిస్తుంది; మెరిసేవాటి దగ్గర, సన్నటివాటి దగ్గర తడబడుతుంది. ఆపేసి, దూరంతోనే మసక తెచ్చుకోండి.

సమస్య: కెమెరాతో తీస్తే భరిణె ముందు అంచు మాత్రమే స్పష్టంగా ఉంది. 50 ఎంఎం లెన్స్‌ను ఎఫ్ 1.8లో (అంటే లెన్స్ రంధ్రం బాగా తెరిచి; అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది) పెట్టి అతి దగ్గరగా తీస్తే స్పష్టత కొన్ని మిల్లీమీటర్లే. ఎఫ్ 5.6కు, అవసరమైతే ఎఫ్ 8కు మార్చండి. వెనుక ఎడం ఉంటే మసక ఎక్కడికీ పోదు.

లోపల ధూళి చేరడం, ఫోకస్ యంత్రం చెడిపోవడం అరుదు. దూరంగా ఉన్న వేపచెట్టు మీద కూడా ఫోకస్ కుదరనప్పుడే ఫోనును బాగుచేసే వారి దగ్గరకు తీసుకెళ్లండి.