కీమోకు ముందు బయాప్సీ రిపోర్టులో ఏం చూడాలి

అనంతపురం, హిందూపురం, మదనపల్లె నుంచి రొమ్ము క్యాన్సర్ చికిత్సకు బెంగళూరు వచ్చేవాళ్లలో చాలామందికి బయాప్సీ ఊళ్లోనే అయిపోయి ఉంటుంది. వచ్చేటప్పుడు రిపోర్టు కాగితంతో పాటు స్లైడ్లు, పారాఫిన్ బ్లాక్ కూడా ల్యాబులో అడిగి తెచ్చుకోండి. చిన్న ప్లాస్టిక్ డబ్బీకి అంటుకున్న మైనపు ముద్ద అది. దాని అంచున ఉన్న నంబరు, రిపోర్టులోని నంబరు ఒకటేనా అని అక్కడే సరిచూసుకోండి. కిద్వాయిలో (బెంగళూరులోని ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి) చేరినా ప్రైవేటులో చేరినా, మళ్లీ పరీక్ష చేయాల్సి వస్తే అదే ఆధారం. ఎండలో ఆపిన కారులో వదిలేయకండి.

రిపోర్టులో ముందు ఈఆర్, పీఆర్ శాతాలు చూడాలి. గడ్డ కణాల్లో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లను అందుకునే రిసెప్టర్లు ఇవి. 1 శాతం, అంతకు మించితే పాజిటివ్. ఈఆర్ 1 నుంచి 10 లోపు ఉంటే 'లో పాజిటివ్'. వీటిలో చాలా గడ్డలు నెగటివ్ వాటిలాగే నడుస్తాయి కాబట్టి 'పాజిటివే కదా' అని ఊరుకోకూడదు. హెర్2కు (గడ్డ పెరుగుదలను పెంచే ఒక ప్రొటీన్) 0, 1+ అంటే నెగటివ్, 3+ అంటే పాజిటివ్. 2+ వస్తే ఎటూ తేలనట్టే, ఫిష్ టెస్టు (హెర్2 జన్యువు కాపీలు ఎక్కువున్నాయా అని చూసే పరీక్ష) చేయించాల్సిందే. అది తేలకుండా కీమో మొదలుపెడితే ట్రాస్టుజుమాబ్ (హెర్2 మీద పనిచేసే మందు) అవసరమైనవాళ్లకు మొదటి సైకిళ్లలో అది అందకుండా పోవచ్చు.

తప్పులు ఎక్కువగా దొర్లేది ముక్కను భద్రపరచడంలో. తీసిన గంటలోపు 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయాలి, అందులో 6 నుంచి 72 గంటలు ఉంచాలి. సెలైన్‌లో వేసి పంపితే ఈఆర్ ఉన్నా లేనట్టు రావచ్చు. నెగటివ్ అన్నచోట, పక్కనే ఉన్న మామూలు పాలనాళాల కణాలకు రంగు పట్టిందా అని పెథాలజిస్టును అడగండి. వాటికీ పట్టకపోతే ఆ ఫలితాన్ని నమ్మలేం. కేఐ-67 (కణాలు ఎంత వేగంగా విభజన చెందుతున్నాయో చూపే శాతం) విషయంలో 5 లోపు, 30 పైన అంకెలే కాస్త నమ్మదగ్గవి. మధ్యలోవి చూసేవాళ్లను బట్టి మారుతుంటాయి.

చాలామంది తికమకపడేది ఇక్కడే: కీమోకు గడ్డ బాగా కరగడం వేరు, రోగి చాలా ఏళ్లు బాగుండటం వేరు. ట్రిపుల్ నెగటివ్ (ఈఆర్, పీఆర్, హెర్2 మూడూ నెగటివ్), హెర్2 పాజిటివ్ గడ్డలు పూర్తిగా కరిగితే తిరగబెట్టే ముప్పు బాగా తగ్గుతుంది. ఈఆర్ బలంగా ఉన్న గడ్డ పూర్తిగా కరగడం అరుదు. అయినా హార్మోన్ మాత్రలతో చాలామంది బాగానే ఉంటారు.

ఈఆర్ పాజిటివ్, హెర్2 నెగటివ్, తొలిదశ అయితే అసలు కీమో కావాలా అన్నదానికి ఆంకోటైప్ డీఎక్స్ అనే గడ్డ జన్యు పరీక్ష ఉంది. 21 జన్యువులు చూసి 0 నుంచి 100 మధ్య స్కోరు ఇస్తుంది. బెంగళూరులోనే తయారైన కాన్‌అసిస్ట్ బ్రెస్ట్ అనే టెస్టు కూడా ఉంది, అందులో 15.5 దాటితే ముప్పు ఎక్కువని లెక్క. ట్రిపుల్ నెగటివ్‌కు ఈ రెండూ దండగ. కీమో పనిచేస్తుందో లేదో ముందే చెబుతుందని సీఏ 15-3 అనే రక్తపరీక్ష చేయించడమూ అంతే.

ఆపరేషన్‌కు ముందే కీమో అయితే, మొదటి సైకిల్‌కు ముందే గడ్డలో క్లిప్ (గుర్తు కోసం పెట్టే చిన్న లోహపు ముక్క) పెట్టించండి. గడ్డ కరిగిపోతే అది ఉన్న చోటు దొరకదు. ఆపరేషన్ తర్వాత రిపోర్టులో ఆర్‌సీబీ (కీమో తర్వాత ఎంత క్యాన్సర్ మిగిలిందో చెప్పే కొలత) 0 అంటే ఏమీ మిగల్లేదని, 3 అంటే బాగా మిగిలిందని. మిగిలితే ఆ ముక్క మీద ఈఆర్, హెర్2 మళ్లీ చేయించమని అడగండి, అవి మారుతుంటాయి. హెర్2 పాజిటివ్‌లో మిగిలితే టీడీఎం1, ట్రిపుల్ నెగటివ్‌లో మిగిలితే కాపెసిటబిన్ అనే మందుల గురించి డాక్టరుతో మాట్లాడాల్సింది అప్పుడే.