పెర్సీ మెడలోని నాలుగు పూసలు: క్యాంప్ హాఫ్-బ్లడ్ దండ ఇంట్లో చేసుకునే పద్ధతి

రిక్ రియార్డన్ నవలల్లో పెర్సీ జాక్సన్ గ్రీకు సముద్రదేవుడు పొసైడన్ కొడుకు. క్యాంప్ హాఫ్-బ్లడ్ అనే, దేవుళ్ళ పిల్లల వేసవి శిబిరంలో అతనికి పూసల దండ వస్తుంది. అలాంటి దండలు అభిమానులు చేసుకునేటప్పుడు తరచుగా కనిపించే తప్పు ఒకటుంది. మొదటి సిరీస్‌లో పుస్తకాలు ఐదు కదా అని పూసలు కూడా ఐదు గుచ్చేస్తారు. లెక్క పుస్తకానికి ఒకటి కాదు, వేసవికి ఒకటి. మూడో పుస్తకం కథ చలికాలంలో నడుస్తుంది, కాబట్టి దానికి పూస లేదు. ఐదు పుస్తకాలూ అయ్యేసరికి పెర్సీ దండలో ఉండేవి నాలుగే: త్రిశూలం, బంగారు గొర్రెతోలు, చిక్కుదారి, న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనం.

రిక్ రియార్డన్ 2005లో వచ్చిన మొదటి పుస్తకంలోనే ఈ ఆచారాన్ని వివరంగా చెప్పాడు. తోలు తాడు, దాని మీద పెద్ద పెద్ద మట్టి పూసలు. ఏటా ఆగస్టులో, క్యాంపులో పిల్లల్ని చూసుకునే కౌన్సెలర్లు కూర్చుని, ఆ వేసవిలో జరిగిన వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఏదో తేల్చి, దాని బొమ్మ ఆ ఏటి పూసల మీద వేయిస్తారు. అప్పటికే పెర్సీ స్నేహితురాలు అనబెత్ మెడలో ఐదు పూసలుంటాయి. వాటిలో థాలియా అనే అమ్మాయి మారిన పైన్ చెట్టు, మంటల్లో తగలబడుతున్న గ్రీకు ఓడ, గౌను తొడుక్కున్న సెంటార్ (నడుం పైన మనిషి, కింద గుర్రం) ఉన్నాయని తనే చెబుతుంది. మిగతా రెండిటి గురించి చెప్పదు. అనబెత్ దండ చేసేవాళ్ళు ఆ రెండూ తమ ఊహ కొద్దీ వేసుకోవచ్చు.

ముందు మట్టి సంగతి. రెండు రకాలు దొరుకుతాయి. గాలికి ఆరే మట్టి, అంటే ఎయిర్ డ్రై క్లే, చవక. ఓవెన్ అక్కర్లేదు. కానీ నీళ్ళు తగిలితే మెత్తబడుతుంది, చెమటకు రంగు లేస్తుంది, ఆరేటప్పుడు కొంచెం కుంచించుకుపోతుంది. రోజూ వేసుకునే దండకు అది పనికిరాదు, ఒక్క రోజు వేషానికైతే చాలు. నిలవాలంటే పాలిమర్ క్లే కొనండి. స్టేషనరీ, క్రాఫ్ట్ దుకాణాల్లో 57 గ్రాముల కడ్డీలుగా అమ్ముతారు. 16 మిల్లీమీటర్ల పూసకు సుమారు 4 గ్రాములు పడుతుంది, అంటే ఒక కడ్డీకి పద్నాలుగు దాకా వస్తాయి. ఒక దండకు నలుపు, లేత గోధుమ రంగు, తెలుపు చాలు. నలుపు మట్టినే కొంటే మొదటి పూసకు నల్ల రంగు పూయాల్సిన పని ఉండదు, గీరుకుపోయినా లోపలి తెలుపు బయటపడదు.

మట్టిని పది నిమిషాలు బాగా పిసకాలి. పిసకకుండా చుడితే లోపల గాలి బుడగలు ఉండిపోయి, ఓవెన్లో పూస మీద బొబ్బలు లేస్తాయి. పిసికాక సన్నగా పొడుగ్గా చేసి, స్కేలు పక్కన పెట్టి సమానంగా ముక్కలు కోయండి. కంటి అంచనాతో తుంచితే నాలుగూ నాలుగు సైజులు అవుతాయి. ముక్కను రెండు అరచేతుల మధ్య, సున్నుండ చుట్టినట్టు కాకుండా, అసలు ఒత్తకుండా గుండ్రంగా తిప్పాలి. ఒత్తితే పగుళ్ళు వస్తాయి. తెల్ల మట్టి ముట్టుకునే ముందు చేతులు కడుక్కోండి. నల్ల మట్టి పిసికిన చేత్తో తెల్లది తాకితే అది బూడిద రంగుకు తిరిగిపోతుంది. పీట, కర్ర వాడితే అవి మళ్ళీ చపాతీలకు వాడకూడదు.

ఇక బెజ్జం. పూసలు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. అప్పుడే చుట్టిన మెత్తటి ఉండలో పుల్ల దింపితే అది అప్పచ్చి అయిపోతుంది. పదిహేను నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, కాస్త గట్టిపడ్డాక కబాబ్ పుల్లను తిప్పుతూ దింపండి. మొన అవతలి వైపు కనబడగానే ఆపి, పుల్ల తీసి, అటువైపు నుంచి మళ్ళీ దింపాలి. ఒకే వైపు నుంచి పూర్తిగా నెట్టేస్తే అవతల అంచు చీలుతుంది. తాడు 2 మిల్లీమీటర్లైతే బెజ్జం 3 ఉండాలి. పైన రంగూ వార్నిషూ పడ్డాక అది ఎలాగూ కొంత బిగుస్తుంది.

కాల్చేటప్పుడు పూసల్ని పళ్ళెంలో పెట్టొద్దు, అడుగు చదునై మెరుస్తుంది. పుల్లకు గుచ్చి, ఒక రేకు డబ్బా అంచుల మీద అడ్డంగా పెట్టండి. వేడి ఎంతో ప్యాకెట్ మీద ఉంటుంది. కంపెనీని బట్టి ఎక్కువగా 110 నుంచి 135 డిగ్రీల సెల్సియస్ దాకా మారుతుంది, సమయం సాధారణంగా అరగంట. చిన్న ఓటీజీల్లో ముల్లు 130 చూపించినా లోపల 150 దాటడం మామూలే, అందుకే ఓవెన్ థర్మామీటర్ ఒకటి లోపల పెట్టుకోండి. రేకు కాగితం గొడుగులా కప్పితే పైన మాడదు. ఈ మట్టిలో ఉండేది పీవీసీ అనే ప్లాస్టిక్. అది మాడితే వచ్చే పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఘాటు వాసన వచ్చిందంటే ఓవెన్ ఆపేసి కిటికీలు తీయాలి. మైక్రోవేవ్‌లో, పెనం మీద, ఇడ్లీ పాత్రలో ప్రయత్నించొద్దు. ఆవిరి వంద డిగ్రీలు దాటదు, పూస పైకి గట్టిగానే ఉన్నా వారంలో విరుగుతుంది. ఓవెన్లోంచి తీసిన వెంటనే కొంచెం మెత్తగా ఉంటే కంగారు పడకండి, చల్లారాకే గట్టిపడుతుంది.

గాలికి ఆరే మట్టి వాడేవాళ్ళకు ఒక మాట. మే నెల ఎండల్లో ఫ్యాను కింద పెడితే పైన ఎండి, లోపల తడి మిగిలి, పూస నెర్రెలు విచ్చుతుంది. మొదటి రాత్రి డబ్బాలో పెట్టి మూత వారగా వేయండి. ఆగస్టు వానల్లో మూడు నాలుగు రోజులు పట్టినా ఎండలో మాత్రం పెట్టొద్దు.

మొదటి పూస: కారునలుపు మీద, నడుమ సముద్రపు ఆకుపచ్చలో మెరిసే త్రిశూలం. తెలుగు చేతికి ఇక్కడ ఒక చిక్కుంది. త్రిశూలం అనగానే చేయి దానంతటదే శివుడిది గీసేస్తుంది: పక్క మొనలు బయటికి వంపు తిరిగి, నడిమిది ఆకులా, ఇంకా ఊపుంటే కింద డమరుకం కూడా. పొసైడన్‌ది చేపల్ని పొడిచే ఈటె. మూడు మొనలూ దాదాపు నిటారుగా, చివర్లు గాలం ముక్కులా ఉంటాయి. కాడ 9 మిల్లీమీటర్లు, మొనలు 4 గీస్తే సరిపోతుంది. మొనలు అంతకన్నా పొట్టిగా ఉంటే నూడుల్స్ తినే ఫోర్కు అనుకుంటారు. నలుపు మీద ఆకుపచ్చ నేరుగా వేస్తే కనబడదు, అక్రిలిక్ ఆకుపచ్చ పలచన. ముందు తెలుపుతో ఆ ఆకారం వేసి, ఇరవై నిమిషాలు ఆరనిచ్చి, దాని మీద ఆకుపచ్చలో కాస్త నీలం, చిటికెడు ముత్యపు మెరుపు రంగు కలిపి వేయండి. సున్నా నంబరు బ్రష్షు కన్నా సన్నంది కావాలి, మూడు సున్నాలది అడగండి.

రెండోది గొర్రెతోలు. బంగారు రంగుకూ ఇదే జబ్బు, కింద ఏమీ లేకపోతే పసుపు నీళ్ళలా ఉంటుంది. కింద ఇటుక రంగు వేయండి. నాలుగు కాళ్ళూ చాచి ఆరేసిన తోలు ఆకారం గీసి, టూత్‌పిక్ మొనతో బంగారు చుక్కలు దగ్గర దగ్గరగా పెడితే ఉన్ని లాగా ఉబ్బెత్తుగా వస్తుంది.

మూడోది చిక్కుదారి. ఇది రంగుతో వేసింది కాదు, చెక్కింది. కాబట్టి కాల్చక ముందే, లేత గోధుమ రంగు పచ్చి మట్టి మీద సూదితో గీయాలి. చుక్కల ముగ్గు వచ్చినవాళ్ళకు నిమిషం పని. నడుమ ఒక కూడిక గుర్తు, దాని నాలుగు మూలల్లో నాలుగు చుక్కలు. కూడిక పై కొనను కుడి పై చుక్కతో చిన్న వంపుతో కలపండి. ఎడమ పై చుక్కను, ఆ వంపు మీదుగా తిప్పి, కూడిక కుడి కొనతో. ఎడమ కొనను ఇంకా పైనుంచి తిప్పి కుడి కింది చుక్కతో. చివరికి ఎడమ కింది చుక్కను అన్నిటి చుట్టూ తిప్పి కూడిక అడుగు కొనతో. మూడు చుట్ల దారి తయారైంది. క్రీట్‌లోని క్నోసోస్ పాత నాణేల మీద ఇలాంటిదే ఏడు చుట్లతో ఉంటుంది కానీ, 16 మిల్లీమీటర్ల పూస మీద ఏడు చుట్లు గీస్తే గీతలన్నీ కలిసిపోతాయి. ముందు కాగితం మీద నాలుగైదు సార్లు వేసి చూడండి. కాల్చి చల్లారాక ముదురు గోధుమ రంగును నీళ్ళతో పలచన చేసి గీతల్లోకి నింపి, పైన తడి గుడ్డతో తుడిచేస్తే గీతల్లో మాత్రమే రంగు నిలుస్తుంది.

ఐదో పుస్తకం ఇంకా చదవనివాళ్ళు ఈ పేరా వదిలేయండి. నాలుగో పూస మీద భవనం, దాని చుట్టూ సుడి తిరుగుతూ చిన్న చిన్న గ్రీకు అక్షరాల్లో, దేవుళ్ళ నివాసమైన ఒలింపస్‌ను కాపాడుతూ చనిపోయినవాళ్ళ పేర్లు. ఇది ఒక్కటీ 18 మిల్లీమీటర్లు చేయండి. చుట్టుకొలత 56 మిల్లీమీటర్లు వస్తుంది, ఒక్కో అక్షరానికి ఒకటిన్నర చొప్పున వరసకు ముప్పై ఏడు పడతాయి. పుస్తకంలో పేర్లు చెక్కినవే అయినా అంత చిన్నగా సూదితో చెక్కడం కష్టం. కాల్చిన తెల్ల పూస మీద 0.1 మిల్లీమీటర్ల నీళ్ళకు చెదరని ఇంకు పెన్నుతో రాస్తే నీటుగా ఉంటుంది. ఫోన్లో గ్రీకు కీబోర్డు పెట్టుకుంటే అక్షరాలు చూసి రాయొచ్చు. అన్నీ పెద్ద అక్షరాలే వాడండి, గ్రీకు చిన్న అక్షరాలు మధ్యయుగాల నాటివి. భవనానికి మెట్లు మెట్లుగా పైకి సన్నబడే ఆకారం, చివర సూది చాలు. కిటికీల జోలికి పోవద్దు.

రంగులు ఒక రోజు ఆరాక నీళ్ళతో కలిసే అక్రిలిక్ వార్నిష్ రెండు పలచని పూతలు. పెన్నుతో రాసిన పూస మీద బ్రష్షు రుద్దకుండా అద్దాలి. ఇంట్లో ఉంది కదా అని నెయిల్ పాలిష్ పూయొద్దు. అందులోని ద్రావకం పాలిమర్ మట్టిని కరిగిస్తుంది, కొన్నాళ్ళకు పూస జిగటగా మారి దుమ్మంతా పట్టేస్తుంది.

తాడు 2 మిల్లీమీటర్ల గుండ్రటి తోలుది, పెద్దవాళ్ళకు 90 సెంటీమీటర్లు, పిల్లలకు 75. ముందు తడి గుడ్డతో బాగా తుడవండి, లేకపోతే తోలు రంగు క్యాంపు నారింజ టీషర్టు కాలరుకు అంటుతుంది. చివర్లకు జారుముడి వేయాలి: రెండు కొనలూ ఎదురెదురుగా పది సెంటీమీటర్లు పక్కపక్కన పెట్టి, ఒక కొనను రెండో తాడు చుట్టూ మూడు చుట్లు తిప్పి, ఆ చుట్ల లోపలి నుంచి దూర్చి బిగించండి. రెండో కొనకూ అలాగే. లాగితే దండ పొడుగు, పొట్టి అవుతుంది. కొక్కెం జిగురుతో అంటిస్తే వచ్చే ఏడు కొత్త పూస ఎక్కించడానికి తాడు కోయాల్సి వస్తుంది. చిన్న పిల్లలకు మాత్రం జారుముడి వద్దు, గట్టిగా లాగితే దానంతటదే ఊడిపోయే ప్లాస్టిక్ క్లిప్పు పెట్టండి, నిద్రపోయేటప్పుడు తీసేయండి. పెర్సీ దండతోనే సముద్రంలోకి దూకుతాడు. మన తోలు తడిస్తే సాగి, ఎండితే కర్రలా బిగుసుకుంటుంది, స్నానానికి ముందు తీసి పెట్టాల్సిందే.

స్నేహితులంతా కలిసి చేసుకుంటే పెర్సీ పుట్టినరోజు, ఆగస్టు 18, దగ్గర పెట్టుకోండి. పది మందికి నాలుగేసి పూసలంటే మూడు కడ్డీల కన్నా కొంచెం ఎక్కువ మట్టి, నాలుగు కొనండి. ఆ ఏటి కొత్త పూస బొమ్మకు ఓటు పెట్టేటప్పుడు ఒకే షరతు: ఒక్క ఆకారంలో, రెండు రంగుల్లో తేలేదై ఉండాలి. గౌను తొడుక్కున్న సెంటార్‌ను పది పూసల మీద వేయాల్సి వస్తే ఎంత సేపు పడుతుందో, ఓటు వేసే ముందే ఒక పూస మీద వేసి చూసుకోవాలి.