మినీ ట్రాక్టరుకు వెనుక పని లైట్లు బిగించుకునే పద్ధతి

నల్లగొండ బత్తాయి తోటల్లోనూ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు పత్తి చేలల్లోనూ, మామిడి తోటల్లోనూ తిరిగే మినీ ట్రాక్టర్లలో చాలావాటికి ముందు లైట్లు బాగానే ఉంటాయి గాని, వెనుక ఎర్రని టెయిల్ లైట్లు తప్ప పనికి అక్కరకొచ్చే వెలుతురు ఉండదు. ఎండాకాలంలో పొద్దుగూకిన తర్వాత రోటవేటరు వేసేవారికీ, నాట్ల ముందు కరిగట్టు పనిని రాత్రిదాకా సాగించేవారికీ వెనుక పనిముట్టు ఎంత లోతున నడుస్తున్నదో, చెట్టు మొదలుకు ఎంత దూరంలో ఉన్నదో కనిపించాలి. రెండు చిన్న లైట్లు ఆ పనికి సరిపోతాయి. అవి తేలికగానే దొరుకుతాయి కాబట్టి, శ్రద్ధ పెట్టవలసింది వాటికి కరెంటు ఎక్కడినుంచి తీసుకుంటున్నాము, వెలుతురు ఎక్కడ పడుతున్నది అన్న రెండు విషయాల మీదనే.

లైటు కొనేటప్పుడు వెలుతురును దూరానికి సన్నగా కొట్టే స్పాట్ రకం కాకుండా, దగ్గరలోనే వెడల్పుగా పరిచే ఫ్లడ్ రకం అడగాలి. 18 వాట్ల ఎల్‌ఈడీలు రెండు కలిపి 36 వాట్లు, అంటే 12 వోల్టుల బ్యాటరీ మీద 3 ఆంపియర్లు మాత్రమే లాగుతాయి. అదే పాత 55 వాట్ల హాలోజన్లు రెండు పెడితే 9 ఆంపియర్లు దాటుతుంది. ముందు లైట్లు కూడా వెలుగుతున్నప్పుడు మినీ ట్రాక్టరులో బ్యాటరీని నింపే చిన్న ఆల్టర్నేటరుకు ఆ బరువు తగదు. దుమ్ము, నీళ్లు చొరబడకుండా ఐపీ67 గుర్తు ఉన్నవి తీసుకోవడం మేలు, ఎందుకంటే చెల్క నేలల ఎర్రదుమ్ము ఏ చిన్న సందు దొరికినా లోపలికి చేరుతుంది.

టెయిల్ లైటు వైరును కోసి దానికే కొత్త లైట్లు కలిపేయడం చాలామంది చేసే పని. ఆ వైరు చిన్న బల్బు కోసం వేసిన సన్నది. అదనపు బరువు మోపితే వేడెక్కుతుంది, దాని ఫ్యూజు పోతే టెయిల్ లైట్లు కూడా ఆరిపోతాయి. వారంటీలో ఉన్న బండికైతే కంపెనీ వైరింగ్‌ను కోయడం మరింత చిక్కు తెస్తుంది. అందువల్ల బ్యాటరీ నుంచి విడిగా ఒక లైను తీసుకోవాలి. ముందుగా మైనస్ టెర్మినల్ విప్పాలి, పని అంతా ముగిశాక దానినే చివరగా బిగించాలి. ప్లస్ నట్టును ముందు విప్పబోతే పానా కొస బండి బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. ప్లస్ నుంచి బయలుదేరిన వైరుకు జానెడు దూరంలోపే 10 ఆంపియర్ల ఫ్యూజు హోల్డరు పెట్టాలి, ఎందుకంటే ఫ్యూజుకూ బ్యాటరీకీ మధ్య ఉన్న ముక్కకు ఏ రక్షణా ఉండదు.

వైరు 1.5 చదరపు మిల్లీమీటర్లది, సన్నని రాగి తీగలు అనేకం పేనినది కావాలి. ఇంటి వైరింగ్‌లో మిగిలిపోయిన ఒంటి తీగ వైరు ట్రాక్టరు అదురుకు లోపలే విరుగుతుంది, పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది.

రెండు చిన్న ఎల్‌ఈడీలకు మంచి స్విచ్ ఉంటే రిలే (కొద్దిపాటి కరెంటుతో ఎక్కువ కరెంటును కలిపి, తెంపే చిన్న డబ్బీ) తప్పనిసరి కాదు. అయినా నేను రిలే పెట్టమనే చెబుతాను, ఎందుకంటే దాని కాయిల్‌కు కావలసిన కొద్దిపాటి కరెంటును తాళం తిప్పితేనే పారే వైరు నుంచి తీసుకుంటే, తాళం తీయగానే లైట్లు కూడా ఆరిపోయి, మరచి ఇంటికి వెళ్లినా తెల్లవారేసరికి బ్యాటరీ దిగిపోదు. రిలే అడుగున అంకెలు ఉంటాయి: ఫ్యూజు నుంచి వచ్చే వైరు 30కి, లైట్లకు వెళ్లేది 87కి, స్విచ్ నుంచి వచ్చేది 86కి, ఎర్త్ (బండి ఇనుప బాడీకి బిగించే మైనస్ వైరు) 85కి కలపాలి. ఐదు కాళ్ల రిలే అయితే నడుమ 87ఏ అని ఒకటి ఉంటుంది. లైట్లను పొరపాటున దానికి కలిపితే స్విచ్ ఆపినప్పుడు వెలిగి, వేసినప్పుడు ఆరుతాయి.

వైరును వెనుకకు తీసుకుపోయేటప్పుడు సైలెన్సరుకు, రోటవేటరును తిప్పే పీటీవో షాఫ్ట్‌కు, లిఫ్ట్ చేతులకు దూరంగా, కంపెనీ వైర్ల వెంబడే పట్టీలతో కట్టుకుంటూ పోవాలి. మడ్గార్డు రేకులో రంధ్రం వేస్తే రేకు అంచు వైరును కోయకుండా అందులో రబ్బరు గ్రోమెట్ తప్పక ఉండాలి. ఎర్త్ బిగించేచోట రంగును తళతళలాడే ఇనుము కనిపించేదాకా గీకి, లగ్గు (వైరు కొసన ఉండే రింగు) బిగించి, పైన గ్రీజు రాయాలి. లైటు మినుకుమినుకుమంటే ముందుగా అనుమానించవలసింది ఈ ఎర్త్‌నే.

బత్తాయి తోటలో తిరిగే బండికి ఎత్తైన కడ్డీ మీద లైట్లు పెడితే ముళ్లకొమ్మలు వాటిని పట్టి లాగుతాయి కాబట్టి, మడ్గార్డుల వెనుక అంచు లోపలివైపే సరైన చోటు. సీటు వెనుక రక్షణ కమాను ఉంటే దానికి క్లాంపుతో బిగించవచ్చు గాని, రంధ్రం మాత్రం వేయకూడదు. బండి తిరగబడినప్పుడు మనిషిని కాపాడే కడ్డీ అది. లైట్లు ఎక్కడ పెట్టినా, డ్రైవరు నీడ పనిముట్టు మీద పడకుండా అవి అతని వీపు వెనుకే ఉండాలి. రోటవేటరును పూర్తిగా పైకి లేపి, అది లైట్లకు తగలడం లేదని బోల్టులు బిగించక ముందే చూసుకోవాలి.

చీకటి పడ్డాక బండిని చదునైన నేల మీద ఆపి, రోటవేటరును దించి, వెలుతురు నడుమ భాగం దాని వెనుక రేకు మీద, అంచు ఆరేడడుగుల దూరంలో పడేటట్లు వంచాలి. ఎడమ లైటును కొంచెం కుడివైపుకు, కుడిదాన్ని ఎడమవైపుకు తిప్పితే, పనిముట్టును పైన బండికి కలిపే టాప్ లింకు నీడను ఒకటి వేస్తే మరొకటి చెరిపేస్తుంది. తర్వాత ఇంజను నడుస్తుండగా మీటరుతో బ్యాటరీ దగ్గర, లైటు దగ్గర వోల్టేజి చూడాలి. రెండింటికీ అర వోల్టుకు మించి తేడా ఉంటే ఎక్కడో జాయింటు వదులుగా ఉన్నట్టే.

రోడ్డెక్కే ముందు ఈ లైట్లు ఆర్పాలి. వెనుక తెల్లని వెలుతురు కనిపిస్తే మన వెనుక నుంచి వచ్చేవారు మనల్ని ఎదురుగా వస్తున్న బండిగా పొరబడతారు, పైగా వారి కళ్లు చెదురుతాయి. వెలుగుతున్నదీ లేనిదీ తెలియడానికి చిన్న దీపమున్న స్విచ్ కొంటే మరచిపోయే అవకాశం తక్కువ. బండి కొన్నాళ్లు కదలకుండా ఉంటే ఎలుకలు వైర్లు కొరుకుతాయి కాబట్టి మళ్లీ తీసేటప్పుడు ఒకసారి తడిమి చూడాలి. ఫ్యూజు పదేపదే పోతుంటే ఇంకా పెద్దది వేయకుండా, తీగ చుట్టకుండా, వైరు ఎక్కడ ఒరుసుకుంటున్నదో వెతికి ఆ ముక్కను మార్చాలి.