స్లో కుక్కర్‌లో మ్యాక్ అండ్ చీజ్: పొద్దున పడేసి వెళ్లిపోతే కుదరదు

స్లో కుక్కర్ (సన్నటి వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు గిన్నె) అంటే పొద్దున అన్నీ పడేసి ఆఫీసుకెళ్లి సాయంత్రం వచ్చి తినేయడమే కదా అనుకుని మొదటిసారి మ్యాక్ అండ్ చీజ్ (చీజ్ సాస్‌లో వండే మ్యాకరోనీ పాస్తా) నేనూ అలాగే చేశా. వచ్చి మూత తీస్తే చుట్టూ మాడిన అంచు, మధ్యలో గరిటె నిలబడేంత ముద్ద, పైన తేలుతున్న నూనె, మ్యాకరోనీ ఎక్కడుందో వెతుక్కోవాలి. చికెన్ కూరకి ఆ లెక్క సరిపోతుంది గానీ పాస్తాకి కాదు. దీనికి రెండు గంటలు చాలు, అదీ మనం ఇంట్లో ఉన్న రోజునే.

6 క్వార్ట్‌ల (దాదాపు 5.7 లీటర్ల) కుక్కర్‌కి నా కొలత ఇది: ఎల్బో మ్యాకరోనీ 1 పౌండు పచ్చిదే, హోల్ మిల్క్ రెండున్నర కప్పులు, 12 ఔన్సుల ఎవాపరేటెడ్ మిల్క్ డబ్బా ఒకటి, బటర్ సగం స్టిక్ (4 టేబుల్ స్పూన్లు), క్రీమ్ చీజ్ 4 ఔన్సులు, షార్ప్ చెడ్డార్ 12 ఔన్సులు, ఆవపొడి అర స్పూను, మిరియాల పొడి, ఉప్పు అర స్పూను. చీజ్‌లోనే బోలెడు ఉప్పుంటుంది కాబట్టి ముందే ఎక్కువ వేయకండి. ఎవాపరేటెడ్ బదులు తియ్యటి కండెన్స్‌డ్ మిల్క్ మాత్రం తేకండి, షాపులో రెండు డబ్బాలూ పక్కపక్కనే ఉంటాయి, మా ఆయన ఒకసారి అదే పట్టుకొచ్చాడు. ఈ డబ్బా పాలు ఎందుకంటే మామూలు పాలు అంతసేపు వేడిలో ఉంటే విరిగినట్టు అయిపోతాయి, ఇవి చిక్కబెట్టిన పాలు, అంత తొందరగా విరగవు.

ఇక చీజ్ సంగతి. తురిమి ప్యాకెట్లో అమ్మేది వద్దు, ముక్కలు ఒకదానికొకటి అంటుకోకుండా దానికి బంగాళాదుంప పిండో సెల్యులోజో పట్టించి ఉంటారు, కరిగాక సాస్ రవ్వరవ్వగా తగులుతుంది. బ్లాక్ కొని ఇంట్లో తురుముకోండి, ఐదు నిమిషాల పని. శాకాహారులు తినేదైతే లేబుల్ చూడండి, కొన్ని చీజుల్లో దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ (పాలు గడ్డకట్టించేది) ఉంటుంది, మైక్రోబియల్ ఎంజైమ్స్ అని రాసుంటే పర్లేదు.

కుక్కర్ గిన్నె లోపల, ముఖ్యంగా అంచులకి, బాగా బటర్ రాయండి. పాలు రెండూ కలిపి మైక్రోవేవ్‌లో గోరువెచ్చగా చేసి పోయండి, చల్లటి పాలు పోస్తే అవి వేడెక్కేలోపే మ్యాకరోనీ నాని మెత్తబడిపోతుంది. మ్యాకరోనీ, బటర్, క్రీమ్ చీజ్ ముక్కలు, పొడులు అన్నీ వేసి, మ్యాకరోనీ పాలల్లో పూర్తిగా మునిగేలా సర్ది కుక్కర్‌ని 'లో' (తక్కువ వేడి) మీద పెట్టండి. మూత కింద పల్చటి టవల్ ఒకటి పరిచి దాని కొసలు మూత మీదకి మడిచేయండి, లేకపోతే ఆవిరి నీళ్లయి మళ్లీ సాస్‌లోకే కారుతుంది.

అరగంటకోసారి కలపాలి, అంచులు గీకి మధ్యలోకి తెచ్చి, కింద అంటుకున్నది లేపి. గంటంబావు దాటాక ఒకటి తీసి కొరికి చూడండి. లోపల సన్నటి తెల్ల గీతలా ఇంకా పచ్చిగా కనిపిస్తే అప్పుడే చెడ్డార్ వేసే టైము, పూర్తిగా ఉడికేదాకా ఆగితే మీరు వడ్డించేసరికి ముద్దే. మూడు నాలుగు సార్లుగా పిడికెడు పిడికెడు వేస్తూ కలపండి, ముందు నుంచే వేసేస్తే ఎక్కువసేపు వేడికి చీజ్‌లో కొవ్వు విడిపోయి నూనె తేలుతుంది, నా మొదటి గిన్నెలో జరిగింది అదే. ఇంకో 15 నిమిషాలు మూతపెట్టి ఆపేయండి. కలిపినప్పుడు సాస్ కాస్త పల్చగా, గరిటె నుంచి జారుతున్నట్టు ఉండాలి. కంగారు పడి ఇంకాసేపు ఉంచకండి, చల్లారేకొద్దీ అదే చిక్కబడుతుంది.

ఇండియా నుంచి వచ్చినప్పుడు మా అమ్మ ఒక ముద్ద తిని "ఇదేంటే, పంచదార మర్చిపోయిన సేమ్యా పాయసంలా ఉంది" అంది. అప్పట్నుంచి చివర్లో హాలపీనో మిరపకాయ సన్నగా తరిగి కలుపుతున్నా, పిల్లలకి ముందే తీసి పక్కన పెట్టేస్తా.

థ్యాంక్స్‌గివింగ్ పాట్‌లక్‌కి (తలా ఒక వంట తెచ్చే విందుకి) తీసుకెళ్తే అక్కడ కుక్కర్‌ని 'వార్మ్' (వేడిగా ఉంచే) సెట్టింగ్ మీద గంటకి మించి ఉంచకండి, ఒక కప్పు పాలు వేడి చేసి ఫ్లాస్కులో పట్టుకెళ్లండి, గట్టిపడినప్పుడల్లా కాస్త పోసి కలిపితే మళ్లీ సాస్ వదులవుతుంది. మిగిలినది ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి ఇటుకలా అవుతుంది, రెండు స్పూన్ల పాలు చల్లి మైక్రోవేవ్‌లో సగం పవర్ మీద వేడి చేసుకోండి.